మెట్లాయన ఆయాసం

మీటరమ్మ చెల్లెలి పెళ్లి రేపు పొద్దున్న. ఆ ఊరికి ఆరు గంటల బస్సు ప్రయాణం. ఈవిడేమో ఇంకా ఆనకట్ట మీద, కంట్రోల్ రూములో, కుర్చీకి అంటుకుపోయి కూర్చుంది.

ఎందుకంటారా? నది ఒకటే, దేశాలు రెండు. ఇటు ఒడ్డు వీళ్లది, అటు ఒడ్డు వాళ్లది. మాట ఒకటే, జెండాలే వేరు. ఇద్దరూ కలిసి కట్టుకున్న ఆనకట్టకి కొత్తగా ఓ టర్బైను బిగించారు. అది డెబ్బై రెండు గంటలు ఆగకుండా తిరిగితేనే రెండు దేశాలకీ కరెంటు పంచడం మొదలవుతుంది. మధ్యలో ఒక్క నిమిషం ఆగినా మళ్లీ మొదటికొస్తుంది. దాన్ని నడపడం నేర్చుకున్నవాళ్లు మొత్తం ఐదుగురు, ఇటు ఇద్దరు, అటు ముగ్గురు. ఒడ్డుకి ఇద్దరికి తగ్గకుండా వంతులేసుకుని కాపలా కాయాలి, అది తిరిగినన్నాళ్లూ ఆనకట్ట దాటకూడదు. ఈ రూలు రాసిన మహానుభావుడికి చెల్లెళ్లు లేరు కాబోలు.

ఇప్పటికి అరవై ఎనిమిది గంటలయ్యాయి. మధ్యాహ్నం మూడుకి పూర్తి. మూడున్నరకి బస్సు. సంచీ సర్దేసి కుర్చీ పక్కనే పెట్టుకుంది.

"అక్కా, బయల్దేరావా?" అని పొద్దున్నించీ చెల్లెలు నాలుగోసారి ఫోను.

"మూడున్నరకే తల్లీ, ప్రాణం తియ్యకు."

"నువ్వు రాకపోతే పెళ్లికొడుకుని వెనక్కి పంపించేస్తా. నీ ఇష్టం మరి."

అన్నంత పనీ చెయ్యగలదు ఆ మొండిఘటం. అమ్మ పోయినప్పుడు దానికి ఆరేళ్లు. జడలేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, ఎక్కాలు నేర్పింది అన్నీ ఈ అక్కే. ఆ పెళ్లి చూడకపోతే మీటరమ్మకి బతికినంతకాలం కడుపులో మంటే.

పదకొండు కొట్టగానే గోడమీది ఎర్ర ఫోను మోగింది. గంటగంటకీ మోగుతుంది అది. ఇవతల పై నీళ్ల ఎత్తు ఈవిడ కిటికీలోంచి చూసి మీటర్లలో చెప్తుంది, అందుకే మీటరమ్మ. అవతల కింది నీళ్లు చూడాలంటే తొంభై ఆరు మెట్లు దిగి ఎక్కాలి. పదకొండేళ్లుగా దిగుతూ ఎక్కుతూ ఉన్నాయన్ని అందరూ మెట్లాయన అంటారు. కొలత చూపించే తెరలు రెండువైపులా ఉన్నాయి. కానీ ఒకరి యంత్రాన్ని ఒకరు నమ్మక, మనిషి కళ్లతో చూసి చెప్పాల్సిందేనని ఒప్పందంలో రాసుకున్నారు. ఆ ఫోన్లో అంకెలు తప్ప మరోమాట మాట్లాడకూడదు, రికార్డవుతుంది. బాగున్నారా అని కూడా అడక్కూడదు, అదేం మాయరోగమో! అయినా ఆ గొంతుని బట్టే మీటరమ్మకి ఆయన సంగతులన్నీ తెలిసిపోయేవి. మనవరాలు పుట్టిన రోజున అంకెల్ని పాటలా పాడాడు. ఇంట్లో గొడవైన రోజున కొరికి పారేసేవాడు. ఎలా చెప్పినా మధ్యలో ఆయాసం మాత్రం తప్పదు.

"నూట నలభై రెండు పాయింట్ ఆరు," అన్నాడు మెట్లాయన, గడగడా.

రాయబోతూ ఆగింది. పదింటికీ ఇదే అంకె. ఆయాసమేదీ?

"సరిచూడండి," అంది. ఆ ఒక్కమాటకే అనుమతి ఉంది.

అర నిమిషంలో జవాబొచ్చింది. "నూట నలభై రెండు పాయింట్ ఆరు."

అర నిమిషంలో తొంభై ఆరు మెట్లు దిగి ఎక్కడం కుర్రాళ్ల వల్ల కూడా కాదు. ఈయన కుర్చీలోంచి లేవనే లేదు. తెర చూసి చదువుతున్నాడు.

"సార్, ఆపేయాలి," అంది పెద్ద ఇంజనీరుతో.

"ఆయాసం రాలేదని మిషను ఆపుతావా? రిపోర్టులో ఏం రాయమంటావమ్మా?"

"అదే రాయండి."

"అటు మనిషిని పంపి చూడాలంటే అనుమతికే పూట పడుతుంది. ఆపితే మళ్లీ మూడు రోజులు. మీ చెల్లి పెళ్లి..."

"తెలుసు సార్!" అని గట్టిగా అరిచింది. ఎర్ర బొత్తాం మీద చెయ్యి పెట్టి, "ముసలాడా, ఒక్కసారి ఆయాసపడి చావొచ్చుగా," అని తిట్టుకుని, కళ్లు మూసుకుని నొక్కేసింది.

నేల అదురు ఆగిపోయింది. ఇటూ అటూ ఫోన్లు గొల్లుమన్నాయి. రెండు దేశాల్లోనూ ఒకేసారి తిట్లు తిన్న ఘనత ఆ పావుగంటా మీటరమ్మదే.

తర్వాత తెలిసింది అసలు సంగతి. కింది మలుపులో దుంగలు అడ్డుపడి నీళ్లు వెనక్కి తన్నుకొచ్చాయి. తెరకి కొలత పంపే తేలుడు డబ్బాని ఓ దుంగ నొక్కిపట్టింది. తెర పదింటినుంచీ ఒకే అంకె చూపిస్తోంది. నీళ్లేమో కేబుల్ గది గడపకి జానెడు దూరం దాకా లేచి ఉన్నాయి. ఇంకో గంట తిరిగుంటే గది మునిగి టర్బైనూ పోయేది.

తిట్టినవాళ్లే శభాష్ అన్నారు. ఆ శభాష్‌లు ఏం చేసుకోను, దుంగలు తియ్యగానే మళ్లీ మొదలెడతారు, మూడు రోజులు ఇక్కడే కదా అని, మీటరమ్మ సంచీ ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

రెండింటికి ఓ పెద్దాయన కుంటుకుంటూ లోపలికొచ్చాడు. వెనక రెండు రంగుల యూనిఫారాల్లో ఇద్దరు కాపలావాళ్లు.

"నేనే తల్లీ, మెట్లాయన్ని. పదింటికి మెట్లెక్కుతూంటే మోకాలు బెణికింది. చెప్తే, మధ్యలో వంతులు మార్చకూడదని మిషను ఆపి మళ్లీ మొదటికి తెస్తారు. నీ సెలవు కాయితం మా వైపుకీ వచ్చింది, చెల్లెలి పెళ్లని రాసుంది. ఆ నాలుగు గంటలూ ఎలాగోలా నెట్టేద్దామని..."

"నా బస్సు కోసం టర్బైను ముంచుతారా!" అని ఇంతెత్తున లేచింది.

"బుద్ధి గడ్డి తింది. మా వాళ్లకంతా ఒప్పుకున్నా. అందుకే వచ్చా. మా ఒడ్డున ఇంకా ఇద్దరున్నారు, మెట్లు వాళ్లు చూసుకుంటారు. నీ కుర్చీలో నన్ను కూర్చోబెట్టు, నువ్వు వెళ్లు."

పెద్ద ఇంజనీరు బుర్ర గోక్కున్నాడు. ఇటు కుర్చీలో అటువాడా? ఒప్పందమంతా తిరగేశారు. కూడదని ఎక్కడా లేదు, ఎందుకంటే అలాంటిది ఎవరికీ తోచనే లేదు. రెండు ఒడ్ల పెద్ద ఇంజనీర్లూ నలభై నిమిషాలు నసిగి నసిగి, చివరికి సంతకాలు పెట్టారు. మీటరమ్మ సంచీ పట్టుకుని పరుగో పరుగు.

మర్నాడు పెళ్లి హాల్లో పిన్ని బుగ్గ నొక్కుకుంది. "ఆనకట్ట అవతలి దేశం వాడికి అప్పజెప్పొచ్చావా! ఏమవుతాడే నీకు?"

మీటరమ్మ చెల్లెలి జడలో పూలు తురుముతూ అంది. "అన్నయ్య అవుతాడు పిన్నీ."

ముస్తాబవుతున్న చెల్లెలు గిర్రున తిరిగింది. "అన్నయ్యని పెళ్లికి పిలవకుండా వచ్చావా అక్కా?"

"పిచ్చిమొహమా, ఆయనొస్తే నేను రాలేనే!" అంది మీటరమ్మ. అక్కని గట్టిగా వాటేసుకుంది చెల్లెలు. పెట్టుకున్న కాటుకంతా అక్క భుజానికి అంటింది.