సిరా ఆరేదాకా

చిన్న కథే. తాళాలాయన తన అక్కను ఇంటికి రప్పించుకోవాలని కాగితం పెట్టించాడు, ఆ కాగితం మీద సిరా ఆరింది, అంతే. పొయ్యి మీద పాలు పొంగేలోపు చెప్పేయొచ్చు. కాకపోతే ముందు రొట్టెల కొట్టాయన అత్తగారి సంగతి చెప్పుకోవాలి. అది చెప్పకపోతే ఇది అర్థం కాదు. అర్థమైనా సరే, అది చెప్పకుండా వదిలేసినవాళ్ళు మా వీధిలో ఇంతవరకూ లేరు.

పరాయి దేశం నుంచి ఎవరైనా వచ్చి ఊళ్ళో చుట్టాలింట్లోనో స్నేహితులింట్లోనో దిగాలంటే, ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు పురపాలక కార్యాలయంలో మూడో కిటికీ దగ్గర ఆహ్వాన పత్రం రాసివ్వాలి. వచ్చేదెవరు, ఏమవుతారు, ఏ గదిలో పడుకుంటారు, ఎన్నాళ్ళుంటారు. అన్నీ ఆఫీసు సీసాలో సిరాతోనే రాయాలి. రాసిన కాగితాన్ని గుమాస్తా వెనక గదిలో తీగ మీద, బట్టలకు పెట్టినట్టు క్లిప్పు పెట్టి ఆరేస్తాడు. మూడు రోజులు. ఆరేలోపు అంకె సర్దుకుంటుంది. ఎన్నాళ్ళని రాశారో దాంతో పని లేదు. మనసులో ఎన్నాళ్ళు ఉండనిస్తారో అక్కడికొచ్చి నిలుస్తుంది. నాలుగో రోజు గుమాస్తా ఆ అంకె పైకి చదివి, ముద్ర వేసి, ప్రవేశపత్రం ఇచ్చేవాళ్ళకు పంపుతాడు. పదిహేనుకి తగ్గితే పంపడు.

సిరా ఎందుకలా చేస్తుందని అడిగినవాళ్ళు లేరు. వానకి తడుస్తాం, ఎండకి ఎండుతాం, అదీ అంతే. అంకె ఎంతకొచ్చిందన్నది మాత్రం సాయంత్రానికల్లా కుళాయి దగ్గరికి చేరుతుంది.

రొట్టెల కొట్టాయన "మా అత్తగారు నాకు కన్నతల్లి కంటే ఎక్కువ" అని వచ్చినవాళ్ళందరికీ రొట్టెతోపాటు చుట్టి ఇచ్చేవాడు. తొంభై రోజులని రాశాడు. నాలుగో రోజు గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని "రెండు" అని చదివాడు.

"రెండు నెలలా?" అంది ఆయన భార్య.

"రెండు రోజులమ్మా. రెండోది కూడా కాస్త చెరిగినట్టుంది."

ఆ రోజు నుంచి ఆ కొట్లో పిండి ఆవిడే పిసుకుతోంది, పిడికిళ్ళతో. రొట్టె మాత్రం అంతకుముందెన్నడూ లేనంత మెత్తగా వస్తోంది.

ఇక తాళాలాయన. బస్సులాగే చోట మూడడుగుల కొట్టు. ఊళ్ళో ఏ తలుపు బిగుసుకుపోయినా ఆయన చెయ్యి పడితే తెరుచుకోవాల్సిందే. ఇంటికొస్తే మాత్రం చెంచా ఏ సొరుగులో ఉంటుందో తెలియదు. కుర్చీలో కూర్చుని "ఏమే" అంటాడు. ఆ ఒక్క మాటకీ నీళ్ళు, అన్నం, తువ్వాలు, రేడియో పెంచడం, రేడియో తగ్గించడం అని సందర్భాన్ని బట్టి అర్థాలు. భార్య కుట్టుపని చేస్తుంది. పగలంతా మిషను మీద వంగే ఉంటుంది. ఆ వంపులోంచే అర్థం పోల్చుకుని లేచి వెళ్తుంది. పెళ్ళై పంతొమ్మిదేళ్ళు. ఇల్లు ఆవిడ తండ్రిది, పత్రం ఆవిడ పేరు మీద ఉంది.

చిక్కల్లా అక్కడే. అక్క ఆయనది, ఇల్లు ఆవిడది. రాయాల్సింది ఆవిడ.

తల్లి పోయాక తాళాలాయన్ను పెంచింది ఆ అక్కే. ఆయన దేశం దాటి ఇటొచ్చేసిన తర్వాత అక్కాతమ్ముళ్ళు కలుసుకున్నది లేదు. ఆదివారం ఆదివారం ఫోను మాత్రం. ఈమధ్య ఆవిడ కళ్ళు మసకబారుతున్నాయి. "వైద్యుడు ఏడాదే గడువన్నాడ్రా, ఆ తర్వాత కనపడదట. ఇప్పుడొస్తే కనీసం నీ ముక్కయినా గుర్తుపడతాను" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన రోజుకో తాళంచెవి తప్పుగా కోస్తున్నాడు.

వదినామరదళ్ళ సంగతేమో లోకమంతా ఎరుగును. ఇక్కడి నుంచి రవికలు కుట్టి పంపితే, "చంక దగ్గర బిగుతు" అని ప్రతిసారీ కబురు. వదులు చేసి పంపితే "గోనెసంచి". ఈ బిగుతూ వదులూ పంతొమ్మిదేళ్ళుగా ఫోనులో నడుస్తూనే ఉంది. వీధిలో అందరూ ఆ అంకె ఐదు దాటదన్నారు. రొట్టెల కొట్టాయన రెండన్నాడు. తోడు దొరుకుతుందని ఆయన ఆశ.

సోమవారం పొద్దున భార్యాభర్తలిద్దరూ కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ సిరాలో కలం ముంచి వరసగా రాసింది. భర్త అక్కగారు. మిషను గది. ముప్పై రోజులు. అడుగున ఇంకో గడి ఉంది: ఇంట్లో ఇప్పటికే ఉంటున్నవాళ్ళు, ఎన్నాళ్ళు. అక్కడ ఎవరూ చేత్తో రాయరు. గుమాస్తా దగ్గర "శాశ్వతం" అని రబ్బరు ముద్ర ఒకటుంది. దానికి అద్దే రంగు వేరు, అది ఆరేదీ కాదు మారేదీ కాదు. టక్కున కొట్టేస్తాడు.

ఆయన ముద్ర ఎత్తాడో లేదో, తాళాలాయన అడ్డుపడ్డాడు.

"ఆగండాగండి. ఆ ముద్ర వంకరగా పడుతుంది. మా అక్క వచ్చాక ఈ కాగితం చూపించమంటుంది. మా ఆవిడ రాత ముత్యాలకోవ. ఏమే, చేత్తో రాసెయ్."

"నాకేం నొప్పి, రాయనివ్వండి" అన్నాడు గుమాస్తా.

ఆవిడ గుండ్రంగా 'శాశ్వతం' అని రాసింది. కాగితం తీగెక్కింది.

ఇంటికొచ్చేదాకా తాళాలాయన ఒకటే ఆలోచన. మూడు రోజులు టైముంది. సిరా ఇంకా తడిగానే ఉంది. ఈ లోపు ఆవిడ మనసు మెత్తబడితే అంకె పెరుగుతుంది.

ఆ మధ్యాహ్నం ఆయన గిన్నెలు తోమాడు. పక్కింటావిడ చప్పుడు విని దొంగలనుకుని కర్ర పట్టుకొచ్చింది. తీరా చూస్తే ఈయన మోచేతుల దాకా నురగతో నిలబడి ఉన్నాడు. ఆవిడ కర్ర కింద పెట్టి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

"ఏమిటీ వేషం?" అంది భార్య.

"ఊరికే. మా అక్క కూడా ఇలాగే తోమేది, బూడిదతో. అద్దంలా ఉండేవి."

మంగళవారం కుట్టుమిషను విప్పి నూనె వేశాడు. పంతొమ్మిదేళ్ళుగా కిర్రుమంటున్న పెడలు గంటలో నోరు మూసుకుంది. చక్కెర డబ్బా ఎక్కడుంటుందో వెతికి, కనిపెట్టి, టీ కాచి తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడు. ఆవిడ ఆ కప్పు వంక చాలాసేపు చూసింది. ఆవిరి పోయేదాకా చూసి తాగింది.

"బాగుందా?"

"బాగుంది" అందావిడ. ఆ గొంతులో ఏదో ఉంది. సంతోషమే అనుకున్నాడు. తాళం లోపల ఏ పన్ను ఎక్కడుందో చెవి పెట్టి కనిపెట్టే మనిషి అలా అనుకున్నాడు.

బుధవారం అక్కే ఫోను చేసింది. వారం కాని వారం, ఆత్రం. మరదలే ఎత్తింది.

"ఆరిందామ్మాయ్?"

"రేపు వదినా."

"సరేలే. తిన్నావా? నడుం ఎలా ఉంది? ఎడంవైపు ఇంకా లాగుతోందా?"

"పోయిన వారం కంటే నయం."

"దిండు పెట్టుకుని కూర్చోమన్నాను, పెట్టుకుంటున్నావా? పెట్టుకుని ఉండవు. నీ రవికలే చెప్తాయి, నొప్పి ఉన్నప్పుడు కుట్టినవన్నీ చంకలో బిగుతు."

తాళాలాయన వాకిట్లో నిలబడి ఇదంతా విన్నాడు. భార్యకు నడుం నొప్పని ఆయనకు తెలియదు. ఎడంవైపని అసలే తెలియదు. వెంటనే వెళ్ళి ఇంట్లో ఉన్న దిళ్ళన్నీ తెచ్చి కుర్చీలో పేర్చాడు. ఆవిడ కూర్చుంటే తల అటకకి తగిలేలా ఉంది.

"మా అక్క చెప్తే ఎంత మంచి మాట చెప్తుందో చూశావా!" అన్నాడు, సందు దొరికింది కదా అని.

ఆవిడ ఒక్క దిండు ఉంచుకుని మిగతావి కింద పెట్టింది.

గురువారం మూడో కిటికీ దగ్గర పనున్నవాళ్ళు ముగ్గురు, లేనివాళ్ళు పాతికమంది. రొట్టెల కొట్టాయన ఒక రొట్టె చంకలో పెట్టుకుని ముందు వరసలో ఉన్నాడు. గుమాస్తా కాగితం తెచ్చి, వెలుతురుకి పట్టి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అతిథి గడి. ముప్పై అని రాశారు. అంకె లేదు."

తాళాలాయన కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"అంకె బదులు మాట ఉంది" అన్నాడు గుమాస్తా. "'ఆవిడ ఇష్టం.'"

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో గుమాస్తా అలాంటిది చూడలేదు. ఆడపడుచుకి! హద్దు లేకుండా! రొట్టెల కొట్టాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాళాలాయన రెండు చేతులూ జోడించి భార్య వైపు తిరిగాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, ఏది ముందో ఆయనకే తెలియడం లేదు.

"ముద్ర కొట్టండి గుమాస్తాగారూ, కొట్టేయండి!"

గుమాస్తా కొట్టలేదు.

"ఇంకో గడి ఉంది" అన్నాడు. "అడుగున. చేత్తో రాయించారు కదా." గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లో ఇప్పటికే ఉంటున్నవారు: భర్త. పదకొండు రోజులు."

రొట్టె కిందపడింది. ఎవరూ తీయలేదు.

"శాశ్వతమనే రాశాను" అంది కుట్టుపని ఆవిడ. ఆవిడ మొహం కూడా పాలిపోయింది. "మీరూ చూశారుగా."

"రాశారమ్మా. కాదన్నానా? ఆరింది మరి."

ముద్ర పడింది. రెండు గడులకీ కలిపి ఒకటే ముద్ర.

ఇంటిదాకా వీధంతా వాళ్ళ వెనకే నడిచింది, దూరం పాటిస్తున్నట్టు నటిస్తూ. సందు మలుపు దగ్గర తాళాలాయన ఆగాడు. తర్వాత అడిగాడు.

"పదకొండేనా?"

"నాకూ ఇప్పుడే తెలిసింది."

"నేను గిన్నెలు కూడా తోమాను కదే!"

"అందుకేననుకుంటా" అందావిడ. కోపంగా అనలేదు, కొలత చెప్పినట్టు అంది. "పంతొమ్మిదేళ్ళు మీకు చేతకాదనుకున్నాను. పనిచేసుకుపోయాను. చేతనవునని సోమవారం తెలిసింది. మిషనుకి నూనె వేయడానికి గంట పట్టింది మీకు. గంట."

ఆయన చేతులు చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో ఇంకా ఆ నూనె ఉంది.

అక్క తొమ్మిదో రోజు దిగింది. పెట్టె ఎప్పుడో సర్దిపెట్టుకుందట. తమ్ముడి మొహాన్ని రెండు చేతులతో కంటి దగ్గరికి లాక్కుని, ముక్కు తడిమి, "నువ్వేరా" అని కాసేపు ఏడ్చింది. తర్వాత కాగితం అడిగింది. ముక్కుకి ఆనించుకుని పై గడి చదివింది, అడుగు గడి చదివింది. పెంచిన చెయ్యి కదా, చింపేస్తుందనో, మరదల్ని నాలుగు మాటలంటుందనో కిటికీల వెనక అందరూ ఊపిరి బిగబట్టారు.

"అంకె సరిగ్గానే ఉంది" అంది. "వీడికి మంచినీళ్ళు కూడా నేనే నోటికందించాను. ఆ తప్పు నాది. మిగతా పంతొమ్మిదేళ్ళూ వీడివి. నువ్వు కూర్చో అమ్మాయ్, దిండు ఏది?"

పదకొండో రోజు సాయంత్రం తాళాలాయన రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి తన తాళంచెవి తీసి గూట్లో పెట్టాడు. ఆ తాళం ఆయన చేసిందే. చెవి లేకుండా కూడా తీయగలడు. తీయలేదు. కొట్లో బల్ల కింద పడుకున్నాడు. కాళ్ళు రోడ్డు మీదికి వచ్చేవి.

భార్య కాళ్ళు పట్టుకుంటాడని కొందరు, కోర్టుకి వెళ్తాడని కొందరు, అక్క సర్దిచెప్తుందని ఎక్కువమంది అనుకున్నారు. తర్వాతి సోమవారం ఆయన మూడో కిటికీ దగ్గరికి వెళ్ళి ఆహ్వాన పత్రం ఖాళీ కాగితం ఒకటి అడిగాడు.

"ఇది పరాయివాళ్ళకయ్యా" అన్నాడు గుమాస్తా.

"అందుకేనండీ."

గుమాస్తా నిబంధనల పుస్తకం మొత్తం తిరగేశాడు. కూడదని ఎక్కడా లేదు. పదిహేను రోజుల పట్టింపు సరిహద్దు దాటేవాళ్ళకే. కుట్టుపని ఆవిడ కుట్టు ఆపి వచ్చింది. వచ్చేవారి వృత్తి దగ్గర 'తాళాలు' అని, బంధుత్వం దగ్గర 'భర్త' అని రాసి, తొంభై రోజులని పెట్టింది. మూడు రోజులు ఆరింది. నాలుగని వచ్చింది.

నాలుగు రోజులుండి ఐదో రోజు సంచి పట్టుకుని కొట్టుకొచ్చి మళ్ళీ కాగితం పెట్టించాడు. ఆరు. ఆ తర్వాత ఐదు. ఆ ఆరు రోజుల్లో ఒకరోజు "ఏమే" అన్నాడట. ఆ తర్వాత ఎనిమిది.

అక్కగారు మిషను గదిలోనే ఉన్నారు. చూపు ఇంకాస్త తగ్గింది. కాజాలు వేళ్ళతో తడిమి బాగా కుడుతున్నారు. రవికలు చంకలో బిగుతుగా లేవట.

పోయిన గురువారం తాళాలాయన కాగితం ఆరింది. పన్నెండు.