మూడు మూరల చూపు

నేను ఒక నైలాను తాడును. బావిలో దిగలేదు, పశువును కట్టలేదు. కనిగిరి సంతలో సరిగ్గా ఆరు మీటర్లకు కొలిచి కోయించి, పల్లెలోని చిన్న కంటి కేంద్రానికి తెచ్చారు. నా ఒక కొన చార్టు దగ్గర, రెండోది రోగి కుర్చీ దగ్గర. ఆ దూరం నుంచి చార్టు మీది ‘E’ లాంటి మూడు కాళ్ళ బొమ్మలు ఏ వైపు తిరిగాయో చేత్తో చూపితే, చూపు ఎంతుందో తేలుతుంది.

పరీక్షలు చేసే నసీమా నెమ్మదైన పిల్ల. ఒకరోజు కిటికీ తెర తాడు తెగింది. ఎండ చార్టు మీద పడుతోంది, బయట నలభై మంది. నాలో కొంత కోసి తెరకు కట్టింది. సాయంత్రం కొత్త తాడు తేవాలనుకుంది, మరిచిపోయింది. కుర్చీ మాత్రం నా కొన దగ్గరికి జరిగి అక్కడే ఉండిపోయింది.

ఆ నెల నుంచి అందరి చూపూ బాగుపడింది! కంటి శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళు కింది వరుస దాకా చెప్పేస్తున్నారు. పెద్దాఫీసు వాళ్ళు వచ్చి నసీమాకు శాలువా కప్పి, ‘నూటికి తొంభై రెండు మందికి మంచి చూపు’ అని ప్రశంసాపత్రం గోడకు తగిలించారు. కొలిచే తాడును కొలవాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

నాలుగో నెలలో తిరుపాలమ్మ వచ్చింది. మేకలు కాసే మనిషి.

“కన్ను బాగుందవ్వా, అద్దాలక్కర్లా,” అంది నసీమా.

“బాగుంటే ఎదురుగట్టు మీద నా మేకేదో తెలియాలగా? నిన్న పక్కోళ్ళ పోతును తోలుకొచ్చి తిట్లు తిన్నా.”

“చార్టంతా చెప్పావుగా!”

“నీ బొమ్మలు దగ్గరకొచ్చినాయి తల్లీ. ఆపరేషనుకు ముందు ఈ కుర్చీ గుమ్మానికి ఆనుకోనుండె.”

లేచి నన్ను అందుకుంది. మేకల పలుపులు పేనే చెయ్యి. మోచేతి నుంచి వేలికొన దాకా మూరలేసింది.

“పది. ఎన్నుండాల?”

నసీమా తెర వైపు చూసింది. తర్వాత ప్రశంసాపత్రం వైపు. గదిలో ఇంకెవరూ లేరు.

“పదమూడు,” అంది చివరికి. స్టూలెక్కి తెరకు కట్టిన ముక్క విప్పింది.

ముక్క తిరిగి కడితే ముడికే జానెడు పోయింది. తిరుపాలమ్మ నవ్వుతూ నడుముకు చుట్టుకున్న మేకపలుపులోంచి మూరెడు కోసిచ్చింది. నసీమా టేపు పెట్టి సరిచేసింది. కుర్చీ గుమ్మం చేరింది. ఈసారి తిరుపాలమ్మ మూడు వరుసలు పైనే ఆగిపోయింది.

“అద్దాలు రాయమ్మే ఇంక,” అంది గెలిచినట్టు.

ఆ సాయంత్రమే నసీమా రిజిస్టరు తెరిచి, నాలుగు నెలల పేర్లకు ఒక్కొక్కరికీ ఫోను చేసింది. “మళ్ళీ రండి. తప్పు నాదే.”

తర్వాతి నెల లెక్క బాగా తగ్గింది. శాలువా ఎవరూ తేలేదు. ప్రశంసాపత్రం దిగిన మేకుకు ఇప్పుడు నేను వేలాడుతున్నాను, రెండు ముడులతో, అతుకులతో, సరిగ్గా ఆరు మీటర్లు. ఒక కొన ఇప్పటికీ మేక వాసన వేస్తుంది. నసీమా రోజూ ఆ కొననే కుర్చీ వైపు ఉంచుతుంది.