అడుగుతున్నానంతే

సోమవారం పది దాటినా తాళాలక్క దుకాణం ముందు ఒక్కరూ నిలబడలేదు. మంగళవారమూ అంతే. బుధవారం పొద్దున ఒకావిడ తాళంచెవి చేత్తో పట్టుకునే వచ్చింది. అక్కను చూడగానే దాన్ని బ్యాగులో పడేసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు వీధి దాటి వెళ్ళిపోయింది.

ఆ ఐదంతస్తుల భవనం కింద, మెట్ల పక్క గదిలో అక్క పదిహేడేళ్ళుగా తాళంచెవులు కోస్తోంది. ఇలాంటి వారం ఎన్నడూ చూడలేదు.

జరిగింది ఇదీ. అంతకుముందు శనివారం మూడో అంతస్తు నర్సు డ్యూటీ నుంచి వచ్చేసరికి లాప్‌టాప్ లేదు, వాళ్ళమ్మ ఇచ్చిన గాజులూ లేవు. తలుపు చెక్కుచెదరలేదు. తాళం వేసింది వేసినట్టే ఉంది. పోలీసులు వచ్చి, చూసి, రాసుకుని వెళ్ళారు. వాళ్ళు గేటు దాటారో లేదో, రెండో అంతస్తు టైపిస్టుగారు రంగంలోకి దిగారు.

అక్క కాపురమూ రెండో అంతస్తులోనే, ఆయనది ఎదురిల్లే. ఆయన పడగ్గది కిటికీ మాత్రం సరిగ్గా దుకాణం నెత్తిన ఉంటుంది. తాళంచెవులు కోసే మిషను రొదకు మధ్యాహ్నం కునుకు పట్టడం లేదని ఆయనకు ఏళ్ళ తరబడి కడుపుమంట. పైగా ముప్పై ఏళ్ళు కోర్టులో టైపు కొట్టి రిటైరైన మనిషి. ఏ మాటంటే చిక్కుల్లో పడతామో ఆయనకు కొట్టిన పిండి. అందుకని అక్కను దొంగ అని ఆయన ఎక్కడా అనలేదు. లిఫ్టులో నర్సుతో, మెట్ల మీద సంఘం ప్రెసిడెంటుతో, గేటు దగ్గర మరో పదిమందితో ఒకటే ప్రశ్న వేశారు.

"తాళం పగల్లేదు. మన ఇళ్ళకు తాళంచెవులు కోసేదెవరమ్మా? నేనేం అనడం లేదు. అడుగుతున్నానంతే."

ఆ ప్రశ్న సాయంత్రానికల్లా ఇరవై నాలుగు ఇళ్ళూ చుట్టేసింది. వచ్చే ఆదివారానికి భవనం సంఘం సమావేశం పెట్టారు. అక్కను ఆ గదిలో ఉంచాలా, ఖాళీ చేయించాలా అన్నదే మొదటి అంశం. గది పోతే ఇంకో గది దొరుకుతుంది. కానీ దొంగతనం పేరుతో ఖాళీ చేయించిన మనిషి చేతికి ఏ వీధిలో ఎవరు తాళంచెవి ఇస్తారు?

బుధవారం అక్క అత్తగారు ఈ సంగతి విని చీపురు పట్టుకుని ఎదురింటి మీదికి బయల్దేరింది. ఆవిణ్ణి ఆపేసరికి అక్కకు తలప్రాణం తోకకొచ్చింది. ఆ మధ్యాహ్నమే దుకాణం మూసి, ఒకప్పుడు తాను బీరువా తాళం తీసిపెట్టిన లాయరమ్మ ఆఫీసుకు వెళ్ళింది.

"మేడమ్, ఉత్తినే ప్రశ్న అడిగితే అది పరువునష్టం అవుతుందా?"

లాయరమ్మ కాగితాలు పక్కకు నెట్టి విడమరిచి చెప్పింది. మాట చివర ప్రశ్న ఉందా లేదా అన్నది కోర్టు చూడదు. మామూలు మనిషి విని ఏం అర్థం చేసుకుంటాడన్నదే చూస్తుంది. అక్క మొహం మీదే అంటే అది తిట్టు. మూడో మనిషి చెవిన వేస్తే అప్పుడు పరువునష్టం. అనుమానం నిజంగానే ఉండి పోలీసులకు చెప్పుకుంటే అది ఆయన హక్కు, దాన్ని తప్పుపట్టలేం. కానీ లిఫ్టు పోలీస్ స్టేషను కాదు.

"నాకు రెండు కావాలి," అంది. "విన్నవాళ్ళలో ఒక్కరైనా వచ్చి, విన్నామని చెప్పాలి. రెండోది, ఆ మాట అబద్ధమై ఉండాలి. మీ దుకాణంలో ఆ ఇంటి తాళంచెవి నకలు ఒక్కటి దొరికిందా, మన కేసు మునిగినట్టే."

ఒక్కటీ లేదని అక్క ఖరాఖండిగా చెప్పింది. కోయడం, సరిచూడటం, చేతికివ్వడం, మిషను తుడవడం. నకలు దాచదు, లెక్క రాయదు. అది ఆమె నియమం. కేసు ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే ఏడాదో రెండేళ్ళో అంది లాయరమ్మ. ఆదివారానికి నాలుగే రోజులుంది.

గురువారం నర్సే దుకాణానికి వచ్చింది. పోలీసులు ఫొటోలు తీసుకుని వదిలేసిన పాత తాళాన్ని పేపర్లో చుట్టి తెచ్చింది.

"దీన్ని ఎలా తీశారో నువ్వే చెప్పాలక్కా. నిజం చెప్పు."

తీగతో తీశారని ఒక్క మాట అంటే చాలు, అక్క బయటపడిపోతుంది. ఆమె తాళం విప్పి, భూతద్దం పెట్టి లోపల చూసింది. తీగ గీరిన జాడ ఎక్కడా లేదు.

"తాళంచెవితోనే తీశారు," అంది.

నర్సు మొహం పాలిపోయింది. ఆమె దగ్గరున్నవి రెండు తాళంచెవులు. రెండోది పోయినేడు అక్క కోసిచ్చిందే. రెండూ భద్రంగానే ఉన్నాయి.

అక్క ఆ తాళంచెవి అడిగి తీసుకుని గాట్ల మీద బొటనవేలు నడిపింది. ఆమెకు మనుషుల పేర్లు గుర్తుండవు, మొహాలు అంతంతమాత్రం. గాట్లు మాత్రం వేళ్ళు మరిచిపోవు. రెండు లోతు, ఒకటి పైపైన, మళ్ళీ లోతు, చివర సన్నంగా ఒకటి. దీన్ని పోయిన నెలే కోసింది, ఇంకొకరికి. ఎవరికో వెంటనే తట్టింది. పార్కులో తాళంచెవి పారేసుకుని, మిగిలినదానికి నకలు చేయించుకున్నది టైపిస్టుగారు.

పదిహేడేళ్ళలో ఈ భవనంలోని రెండు ఇళ్ళ తాళంచెవులను ఆమె ఏనాడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఏదీ తన దగ్గర ఉంచుకోకూడదన్న నియమమే ఇంత పెద్ద సంగతిని ఆమె కంటపడకుండా దాచింది.

ఏమైందని నర్సు గుచ్చిగుచ్చి అడిగింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇప్పుడు చెబితే నేనూ ఆయన చేసిన పనే చేసినట్టు. ఆదివారం అందరూ ఎవరి తాళంచెవి వాళ్ళు తెచ్చేలా చూడు, చాలు."

ఆదివారం కింది హాల్లో బల్లకు ఆ పాత తాళాన్ని బిగించింది అక్క. ఒక్కొక్కరూ వచ్చి తమ తాళంచెవి తామే తిప్పి చూడాలంది. ఎందుకని ప్రెసిడెంటు నసిగాడు. నర్సు పట్టుబట్టింది. ఇందులో ఉన్న గండం అక్క ఒక్కదానికే తెలుసు. వేళ్ళు పొరబడి ఉంటే ఒక్కటీ తిరగదు. అప్పుడు ఈ తాళాన్ని తీయగలిగేవి నర్సు తాళంచెవులు, వాటిని కోసిన చేతులు. అంతే.

మొదటిది తిరగలేదు. ఐదోదీ తిరగలేదు. తొమ్మిదోది సగం వెళ్ళి ఇరుక్కుంటే ఆవిడ సబ్బు రాయమంటారా అని అడిగింది, నలుగురు నవ్వారు. అక్క వీపు చెమటతో తడిసింది. పదకొండో మనిషిగా టైపిస్టుగారు లేచారు. మనకు దాచుకునేదేముంది అంటూ చిరునవ్వుతో తాళంచెవి దూర్చి తిప్పారు.

టక్కుమని తెరుచుకుంది.

అందరి కళ్ళూ ఆయన మీదే. కోర్టులో ఎన్ని మొహాలు మారడం చూశారో గానీ, ఇప్పుడు ఆయన మొహంలోనే నెత్తురు చుక్క లేదు. అక్క ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఆయన పని అయిపోతుంది.

"బాబాయిగారి చేతిలో ఈ తాళంచెవి ఉన్నంత మాత్రాన ఆయన దొంగ కాదు," అంది అక్క. "నా చేతిలో తాళంచెవులు రుద్దే ఆకురాయి ఉన్నంత మాత్రాన నేనూ కాను. మిగతావాళ్ళూ రండి."

ప్రెసిడెంటు తాళంచెవికీ తెరుచుకుంది. ఆయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చివరికి, ఆయన దగ్గరే ఉంచిన, ఖాళీగా ఉన్న నాలుగో అంతస్తు ఇంటి తాళంచెవికీ తెరుచుకుంది. భవనం కట్టినవాళ్ళు చవకగా వస్తున్నాయని తాళాలు పెట్టెలకు పెట్టెలు కొన్నారు, అలాంటి పెట్టెల్లో ఒకే గాట్లున్నవి మళ్ళీ మళ్ళీ వస్తాయి అని అక్క వివరించింది. ఇన్నేళ్ళూ గమనించకపోవడం తన పొరపాటేనని ఒప్పుకుంది.

నాలుగో అంతస్తులో అద్దెకున్నతను దొంగతనానికి వారం ముందే ఖాళీ చేశాడు. రెండు తాళంచెవుల్లో ఒకటే తిరిగిచ్చాడు. అయితే వాడేనని వెనక నుంచి ఎవరో అందుకోబోయారు.

"ఇక్కడ వద్దు," అని అక్క అక్కడికక్కడే ఆపింది. "మనకు తెలిసింది స్టేషన్లో చెబుదాం. మిగతాది వాళ్ళు తేల్చుకుంటారు."

గది ఖాళీ చేయించాలన్న అంశానికి ఒక్క చెయ్యీ లేవలేదు. ఇరవై నాలుగు ఇళ్ళ తాళాలూ అక్కతోనే మార్పించాలన్న మాటకు మాత్రం అన్ని చేతులూ లేచాయి, కాస్త ఆలస్యంగా టైపిస్టుగారిది కూడా. ఆ సాయంత్రమే నర్సు, అక్క స్టేషనుకు వెళ్ళారు. బుధవారానికి అతను దొరికాడు. ఒకసారి అంతస్తు పొరబడి నర్సు తలుపుకు తన తాళంచెవి తిప్పితే తెరుచుకుందని ఒప్పుకున్నాడు. లాప్‌టాప్ అమ్ముడైపోయింది గానీ గాజులు తిరిగొచ్చాయి.

లాయరమ్మ ఫోను చేసి ఇప్పుడు కేసు గట్టిదంది. నర్సు సాక్ష్యం చెబుతానంది. మాట అబద్ధమని తేలిపోయింది. అక్క రెండు రోజులు ఆలోచించి, కేసు వద్దు, టైపిస్టుగారు ఎవరెవరి చెవిన వేశారో వాళ్ళ దగ్గరికే వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకోవాలి అంది. వారం గడువిస్తూ లాయరమ్మ నోటీసు పంపింది. దాని బరువెంతో ఆ భవనంలో టైపిస్టుగారికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

మొదటి అంతస్తులో అక్క కొత్త తాళం బిగిస్తుండగా ఆయన మెట్లెక్కి వచ్చారు. ఇంటావిడ గుమ్మంలోనే ఉంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఆ రోజు నా మాటల వల్ల మీకు మరోలా అర్థమై ఉంటే..."

అక్క స్క్రూ తిప్పుతూనే ఉంది. "అర్థమై ఉంటే కాదు బాబాయిగారూ. అన్నాను అనండి."

ఆయన ఇంటావిడ వైపు తిరిగారు.

"అన్నానమ్మా. ఈవిడే తీసి ఉంటుందని మీరనుకోవాలనే అన్నాను. అది అబద్ధం."

ఇంటావిడ అక్క వైపు చూసింది. ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయని అక్క ఆయన్ని అడిగింది. తొమ్మిది అన్నారాయన.

"చీకటి పడేలోపు అయిపోతాయిలెండి. రేపు తాళం మార్చడం మీ ఇంటి వంతు. తలుపు పక్క చెప్పుల స్టాండు కాస్త జరిపి ఉంచండి."

ఆయన తలూపి మెట్లెక్కారు. పై అంతస్తులో బెల్లు మోగింది.