మూరెడు దారం

ఖమ్రున్నీసా సూదుల దిండును, పక్కన కూర్చుని కుట్టే మసరత్ ఒడిలోకి నెట్టింది. రోజూ పొద్దున ఇదే మొదటి పని. డెబ్బై ఏళ్ల ఆ మనిషికి బ్లౌజు అంచు వేళ్లతోనే తెలుస్తుంది గానీ, సూది బెజ్జం కనబడదు. మసరత్ పది సూదుల్లో దారమెక్కించి గుచ్చి ఇస్తే సాయంత్రానికి అన్నీ ఖాళీ అవుతాయి. ప్రొద్దుటూరు బట్టల బజారులో, నాగేంద్ర కుట్టుషాపు వెనక గదిలో, ఇరవై ఆరేళ్లుగా ఖమ్రున్నీసా హుక్కులే కుడుతోంది. ఎంతమంది పెళ్లికూతుళ్ల బ్లౌజులు ఆ చేతుల మీదుగా పోయాయో! ఒక్కరూ పెళ్లికి పిలిచిన పాపాన పోలేదు.

మసరత్ సంగతి వేరు. కువైట్‌లో ఉన్న మొగుడితో మాట్లాడటానికని కొన్న ఫోను ఆమెను మింగేసింది. వంటల వీడియోతో మొదలుపెడితే ఎవరిదో గృహప్రవేశం దాకా పోయేది. పాపం, బాగుపడదామనీ చూసింది. సమయం వృథా కాకుండా ఏడు చిట్కాలు, పది చిట్కాలు అంటూ వీడియోలు వరసగా చూసి, మొన్న ఒక పూటంతా పోగొట్టుకుంది. ఆ ధ్యాసలోనే ఒక పెళ్లి బ్లౌజుకు హుక్కులు తగిలించే కాజాలు మరిచి రెండు వైపులా హుక్కులే కుట్టేసింది.

నాగేంద్ర అరవలేదు. "సింహాద్రిపురం పెండ్లోళ్లు నాలుగింటికి వస్తాండారు. ఆరు బ్లౌజులు. ఈసారి గూడా తప్పు పోతే రేపట్నుంచి రావాకు మసరత్," అని ముందు గదిలోకి వెళ్లిపోయాడు. కువైట్ నుంచి వచ్చేది అప్పులకే సరి; ఈ పని పోతే మసరత్ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం.

ఖమ్రున్నీసాను షాపులో అందరూ పిన్నమ్మ వరసలో ఖాలా అంటారు. ఆమె బోసినోటితో నవ్వింది.

"దారం ఎంత తెంపుతాండావు?"

"రెండు మూరలు ఖాలా."

"మూరెడే తెంపు. అది అయ్యేదాకా ఫోను ముట్టాకు, తల ఎత్తాకు. అయినంక చూసుకో, ఎవురొద్దన్యారు?"

"అంతేనా?"

"ఇంకేం గావల్ల? మంత్రమా?"

మొదటి దారం అవగానే చెయ్యి ఫోను మీదికి పోయింది. రెండోదానికీ అంతే. అయిదో దారం తర్వాత ఫోను ఎక్కడ పెట్టిందో కూడా గుర్తు లేదు. ఖాలా మాట్లాడుతూనే ఉంది. జమ్మలమడుగులో పుట్టిల్లు, పెన్నలో ఇసుక, మొగుడు గఫూర్ చనిపోయిన నెలకే ఈ షాపు గడప తొక్కడం. ఆరేళ్లు పక్కనే కూర్చుని ఇవేవీ తెలియనందుకు మసరత్‌కు సిగ్గేసింది.

మూడున్నరకు ఒక్క బ్లౌజు మిగిలింది.

"రోంతసేపు నడుము వాలుస్తానమ్మా. నీ దారం అయినంక లేపు," అంటూ ఖాలా గోడకు ఆనుకుంది.

మసరత్ తల ఎత్తలేదు. చివరి కాజా ముడివేసి, కొస పళ్లతో కొరికింది. "అయిపాయ ఖాలా! చూడు, చూడు!" అని భుజం తట్టింది. ఆ భుజం మెల్లగా పక్కకు ఒరిగింది.

ఆరు బ్లౌజులూ సరిపోయాయి. వాటిని పెండ్లోళ్లకు ఇచ్చి పంపి, నాగేంద్ర కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "నువ్వు పనికి రా మసరత్," అన్నాడు. ఆమెకు ఆ మాట సగమే వినబడింది. పక్కనే ఖాలా ప్రాణం పోతున్నా తల ఎత్తనందుకు ఏడ్చింది. ఒక్క రోజైనా ఖాలా పక్కన కూర్చుని ఖాలాతోనే ఉన్నందుకు, ఆ రోజు ఇచ్చిన అల్లాకు మొక్కుకుని మళ్లీ ఏడ్చింది.

దిండు మీద తొమ్మిది సూదులు ఖాళీగా ఉన్నాయి. పదోదానికి ఇంకా జానెడు దారం ఉంది.