పోతుపాదులు

అక్క కంటికి ఆపరేషన్ అయిందని కళింగపట్నం వెళ్లిన జగ్గమ్మ తిరిగొచ్చేసరికి ఆమె ఆగాకర పందిరి అద్దంలా ఉంది. కలుపు లేదు, ఎండుటాకు లేదు. ఆటో దిగి, సంచి చేతిలో ఉండగానే పందిరి కిందకి వంగి చూసింది. చూసి, వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది.

పోతుపాదులు ఒక్కటీ లేవు.

ఆగాకర తీరు మిగతా పాదుల్లా కాదు. ఆనపకైతే, గుమ్మడికైతే ఒకే తీగ మీద పోతుపువ్వూ ఉంటుంది, పిందెపువ్వూ ఉంటుంది. ఆగాకరకి ఆడపాదు వేరు, పోతుపాదు వేరు. ఆడపువ్వు కింద ముళ్లముళ్లగా చిన్న బొడిపె ఉంటుంది, అదే ముందుముందు కాయ. పోతుపువ్వుకి ఉత్త కాడే. పోతుపాదు కాయదు, నిజమే. కానీ దాని పుప్పొడి ఏ పురుగో మోసుకొచ్చి ఆడపువ్వులో రాల్చకపోతే, ఆ బొడిపె పసుపెక్కి రాలిపోవాల్సిందే. అందుకే జగ్గమ్మ ఆడపాదుల మధ్యన అక్కడక్కడ పోతుపాదుల్ని కళ్లలో పెట్టుకుని సాకేది. ఆ పాదుల దుంపలు ఎక్కడివనుకున్నారు? పొందూరు దగ్గర పుట్టింట్లో వాళ్లమ్మ తవ్వి, కొంగున కట్టి పంపినవి. ఏటా తొలి వానకి అవే మళ్లీ చిగురించేవి.

"ఓ మావా! ఇలగ రా!"

మొగుడు నరసింగరావు మీసం సవరించుకుంటూ వచ్చాడు, మెచ్చుకుంటుంది కాబోలు అనుకుని.

"సూసినావా, నీ మడి ఎలగున్నాదో? కాయని తీగలన్నీ ఏరి పీకీసినాను. ఉత్తినే ఎరువు మింగుతన్నాయి. వరిలో రకం కాని కేళీలు ఏరి తియ్యమేటి? ఇదీ అంతే."

"మరి దుంపలేటి సేసినావు?"

"దుంపల్తో సహా తవ్వి గెడ్డ నీళ్లలో పారేసినాను. మరింక మొలవవు, నువ్వు బెంగెట్టుకోకు."

జగ్గమ్మకి ఒళ్లంతా మండిపోయింది. పోతుపాదు ఎందుకో చెప్పింది. ఆయన పకపకా నవ్వాడు.

"తీగల్లో కూడా మొగుడూ పెళ్లాలేటే? ఎవులన్నా యింటే నవ్వుతారు."

పొద్దు వాలగానే పందిరి నిండా పసుప్పచ్చని పువ్వులు విచ్చుకునేవి. మొగపువ్వు లేని పూత, ఎంత విరగబూస్తే ఏం లాభం? నాలుగు రోజులు తిరక్కుండానే కింద బొడిపెలు పరుచుకున్నాయి. అప్పుడైనా ఆ మనిషి నోరు మూసుకున్నాడా? గునపం భుజాన వేసుకుని వచ్చాడు.

"నీ పాదులు గొడ్డుపోయినాయే. పీకీసి బెండ ఏద్దుం."

జగ్గమ్మ పందిరి రాటకి అడ్డంగా నిలబడింది.

"గొడ్డుపోయినాయా? ఆ మాట మళ్లీ అను, సూద్దుం! మొగపాదు నువ్వు పీకీసి, గొడ్డుతనం దీనికి అంటగడతావా? నీ వరిలో నడుం ఇరిగీదాక వంగినాను. ఏది ముట్టాలో ఏది ముట్టకూడదో నిన్నడిగే ముట్టినాను. ఈ పందిరొక్కటీ నాది. దీని కాడికొచ్చి 'ఇదేటే జగ్గీ' అని ఒక్క మాటడిగినావా? నీ నోటికేటొచ్చింది?"

"ఏదో మంచికే సేసినాను కదే..."

"ఎవులి మంచికి? ఇప్పుడెల్లు. మీ తమ్ముడి పెళ్లాం లక్ష్మణమ్మ పెరట్లో పోతుపాదులున్నాయి. పువ్వులడిగి తే."

నరసింగరావు గతుక్కుమన్నాడు. గట్టు తగువులో తమ్ముడి గడప తొక్కనని పదిమందిలో అనేసిన మనిషి.

"నువ్వూ లక్ష్మణమ్మా కుళాయి కాడ మాటాడుకుంటారు కదా. నువ్వే తెచ్చీ."

"పీకింది నానా?"

కోడలు హేమ మెల్లిగా అంది. "నాను తెస్తాను అత్తా."

"నువ్వు గడప దాటినావంటే కాళ్లిరగ్గొడతాను!" అని జగ్గమ్మ కసిరింది.

తను వెళ్లొచ్చు. వెళ్తే కాయ నిలుస్తుంది. తెలుసు జగ్గమ్మకి. కానీ కాలు కదల్లేదు. ఆ సాయంత్రం పూతా ఉత్తదే అయింది. తెల్లారి కింద రాలిన బొడిపెలన్నీ చేటలోకి ఎత్తి, మొగుడు అన్నానికి కూర్చోగానే కంచంలో గుమ్మరించింది.

"తిను. ఈ ఏటి ఆగాకరకాయలు ఇవే."

ఆయన కంచం వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు. తినకుండానే లేచాడు. పొద్దు వాలే వేళకి తువ్వాలు దులుపుకుని బయల్దేరాడు. వెనకే జగ్గమ్మ వెళ్లి మరిది ఇంటి కంచె బయట నిలబడింది.

లక్ష్మణమ్మ కల్లాపి బాల్చీ దించింది. "ఏటి బావగారూ, దారి గానీ తప్పినారా?"

"పోతుపువ్వులు గావాల."

"మీ పందిరివి ఏటైనాయి?"

ఆయన గొణిగాడు.

"యినబడ్డం లేదు."

"నానే పీకీసినాను!"

"ఆ మాట నాకెందుకు? కంచె కాడ నిలబడ్డావిడికి సెప్పండి."

నరసింగరావు తిరిగి చూశాడు. మొహం కందగడ్డయింది. "తెలీక పీకీసినానే."

"తెలీక కాదు," అంది జగ్గమ్మ. "అడక్క."

లక్ష్మణమ్మ ఆయన తువ్వాలు నిండా పువ్వులు కోసిపోసింది.

పందిరి కింద జగ్గమ్మ ఒక్కటే చేసి చూపించింది. పోతుపువ్వు రేకలు వెనక్కి విరిచి, లోపలి పొడి ఆడపువ్వు నడిమధ్యన అద్ది, పక్కకి జరిగింది. మిగిలినవన్నీ ఆయనే. నడుం వంచి, పీట మీద చతికిలబడి, మోటువేళ్లతో ఒక్కొక్క పువ్వూ.

"మెల్లిగా! మేకు దిగ్గొడతన్నావేటి?"

మర్నాడూ వెళ్లాడు లక్ష్మణమ్మ గుమ్మానికి. ఆ మర్నాడూ వెళ్లాడు. అమ్మ ఇచ్చిన దుంపలు మాత్రం గెడ్డలో ఏ ఊరు చేరాయో. అది తలుచుకున్నప్పుడల్లా జగ్గమ్మకి ఆ వంగిన వీపు మీద ఒక్కటివ్వాలనిపించేది.

ఒక పొద్దున్న పందిరి లోపల్నుంచి కేక వినబడింది.

"జగ్గీ! ఒలే జగ్గీ! ఇది రాల్లేదే! పచ్చగున్నాది, లావెక్కింది! బేగి రా, సూడు!"

జగ్గమ్మ వచ్చి చూసింది. బొటనవేలంత పిందె, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని. కళ్లు చెమర్చినా ఆయనకి కనబడనియ్యలేదు.

"అరవకు. దక్షిణం వరసలో నిన్న సగం వదిలీసినావు. సాయంత్రం అక్కణ్నుంచి మొదలెట్టు."