సింకు ముందు గృహిణి

ఆదివారం పొద్దున్నే నయోమి అపార్ట్‌మెంట్ నేలమాళిగలో, బట్టలు ఉతికే యంత్రం ముందు కూర్చుని ఎవరో రాసిన పరిశోధనా వ్యాసం చదువుతోంది. పత్రికవాళ్లు రచయిత పేరు తీసేసి పంపుతారు. అచ్చుకు పనికొస్తుందో లేదో ఈవిడ చెప్పాలి. జీతం లేని చాకిరీ. ఇంట్లోనూ అదే చేస్తుంది కాబట్టి పెద్ద తేడా తెలియదు.

వ్యాసం ఇళ్ల నిర్మాణం గురించి. ఇద్దరి మధ్య జరిగేదాన్ని ఇద్దరూ కలిసే చేస్తారని, పక్కన కూర్చుని చూసేవాడికీ అందులో భాగం ఉంటుందని చెప్పే మనోవిశ్లేషణ సిద్ధాంతం ఒకటుంది. నయోమి ఇరవయ్యేళ్లుగా న్యూయార్క్ కాలేజీల్లో చెబుతున్న పాఠం అదే. దాన్ని ఈ రచయిత వంటగదికి అన్వయించాడు. బాగానే ఉందే అనుకుంది. నాలుగో పేజీలో 'ఎల్' అనే గృహిణి వచ్చింది. సింకు ముందు నిలబడి, "మీరంతా నా వీపుతోనే కాపురం చేస్తున్నారు" అంటుంది.

నయోమి ఆ వాక్యం మళ్లీ చదివింది. ఆ మాట తనదే. కిందటి చలికాలం, ఒక శుక్రవారం భోజనాలయ్యాక సూప్ గిన్నె తోముతూ అంది. "ఎవరింట్లో లేవమ్మా గిన్నెలు? నీ పాఠం వాటికి చెప్పు, వాటంతటవే తోముకుంటాయి" అని అత్తగారు బెలా నవ్వింది. భర్త సాల్, ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్, తలెత్తకుండా ఏదో రాసుకుంటున్నాడు. ఏం రాసుకున్నాడో ఇప్పటికి తెలిసింది. వ్యాసం ప్రకారం, వీపు తిప్పడం ఎల్ తానుగా ఎంచుకున్నదట. గృహిణి అట! డాక్టరేట్ చేసి, సబ్‌వే రైళ్లలో మూడు కాలేజీలకు తిరిగే గృహిణి. పక్కన కూర్చుని చూసి రాసుకున్న మనిషి మాత్రం వ్యాసంలో ఎక్కడా లేడు. ఒక్క పళ్లెమైనా తీశాడో లేదో ఎవరికీ తెలియదు. చివర్లో "ఆమె అనుమతి తీసుకున్నాం" అని ఒక వాక్యం ఉంది. కోపం కూడా రాలేదు నయోమికి. అలసట వచ్చింది.

సాల్ శాఖాధిపతి కావాలంటే ఈ వ్యాసం అచ్చవ్వాలి. తను కారణం చెప్పకుండా మర్యాదగా తప్పుకుంటే ఇంకెవరో మెచ్చుకుని వేసేస్తారు. తను మాత్రం ఎప్పటికీ ఎల్‌గానే మిగిలిపోతుంది.

బట్టల బుట్ట ఎత్తుకుని పైకి వెళ్లింది. సాల్ బేగెల్ రొట్టె తింటూ పేపరు చదువుతున్నాడు.

"వంటగదుల మీద ఏదో రాస్తున్నానన్నావుగా. ఎవరితో మాట్లాడావు?"

"ఒకావిడతో. నీకు తెలీదులే."

"ఆవిడ ఒప్పుకుందా?"

"ఒప్పుకోకేం. తమ గురించి ఎవరో రాశారంటేనే మురిసిపోతారు అలాంటివాళ్లు. నా నీలం మేజోళ్లు ఆరాయా?"

ఆరాయి. తీసి ఇచ్చింది కూడా. అలవాటుపడ్డ చేతులు ముందు ఇచ్చేస్తాయి, ఆలోచన తర్వాత వస్తుంది.

తర్వాత అతని ఎదురుగానే కూర్చుని, లాప్‌టాప్ తెరిచి సంపాదకురాలికి రాసింది:

"ఈ వ్యాసం మీద నేను తీర్పు చెప్పలేను. రచయిత నా భర్త. ఎల్ అనే గృహిణిని నేనే. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడిగినా నేను ఒప్పుకోను."