తొంభై అయిదని చూపించినదాన్ని

నేను ఒక పీసీఆర్ మిషన్‌ని. చుక్క డీఎన్‌ఏ ఇస్తే వేడిచేసి, చల్లార్చి, మళ్లీ వేడిచేసి కోట్ల నకళ్లు తీస్తాను. విశాఖలోని ఒక పరిశోధనశాలలో ఆరేళ్లు నన్ను మెచ్చుకోనివాళ్లు లేరు. పని జరిగినన్నాళ్లే మనుషుల మెప్పు అని అప్పటికి నాకు తెలియదు.

ఏడో ఏట పీహెచ్‌డీకి కెజియా వచ్చింది. పత్తికి మందు కొడుతూ వాళ్లన్న యోహాను చేలోనే కుప్పకూలాడట. బతికాడు గాని చేతుల్లో పట్టు పోయింది. నరం నుంచి కండరానికి కబురు మోసిన రసాయనాన్ని వెంటనే తుడిచేసే ఎంజైము ఒకటి ఒంట్లో ఉంటుంది. పురుగుమందు దెబ్బకొట్టేది దాన్నే. ఆ ఎంజైము తాలూకు మానవ జన్యువును నకలు తీసి, కణాల్లో పెట్టి, తయారైన ఎంజైము మీద విరుగుళ్లు పరీక్షించాలని కెజియా పట్టుదల.

నకలు తీయాలంటే ముందు వేడికి జన్యువులోని రెండు పోగులూ విడిపోవాలి. ఆ జన్యువు పోగులు మహా గట్టివి. తొంభై అయిదు డిగ్రీలు తగిలితేగాని విడిపోవు. నా తెర మీద తొంభై అయిదే కనిపించేది. లోపల తొంభై ఒకటి దాటేది కాదు. మిగతావాళ్ల జన్యువులు ఆ వేడికే లొంగేవి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నాకు తెలుసు, చెప్పే నోరే లేదు.

పద్నాలుగు నెలలు. రసాయనాలన్నీ మార్చింది, నీళ్లు కూడా మార్చింది. నకలు పడిందని చెప్పే గీత పరీక్ష పలక మీద ఒక్కసారీ రాలేదు.

"మిషన్ ఒకసారి చెక్ చేయిద్దాం సార్," అంది గైడు పురుషోత్తం గారితో.

"అందరికీ వస్తోంది, నీకే రావట్లేదు. మిషన్ మీదకి తోసేయకమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది, తొంభై ఒక్క డిగ్రీల వరకే.

చివరికి ఒక శుక్రవారం తన నమూనాలున్న ఐసు డబ్బా పట్టుకుని పక్క విభాగానికి వెళ్లింది. అక్కడి మిషన్‌లో మధ్యాహ్నానికల్లా గీత వచ్చేసింది. సోమవారం మెకానిక్ వచ్చి నా గుంటలో వేడి కొలిచే సన్నని తీగ పెట్టి చూశాడు.

"తొంభై ఒకటే వస్తోంది సార్. చాన్నాళ్లుగా ఇంతే అయ్యుంటుంది."

"ముందే చెప్పాల్సింది కదమ్మా," అన్నారు పురుషోత్తం గారు.

"మూడుసార్లు చెప్పాను సార్."

ఆయన ఫోను చూసుకుంటూ బయటికి వెళ్లిపోయారు.

ఇప్పుడు విరిగిన కుర్చీల మధ్య స్టోర్ రూములో ఉన్నాను. మొన్న కెజియా ఏదో సీసా కోసం వచ్చి నా ముందు ఆగింది. తంతుందనుకున్నాను. నా మీద అతికించిన 'పనిచేయదు' అన్న కాగితం చింపేసి, ఇంకోటి రాసి అంటించింది: 'చూపించేదానికన్నా నాలుగు డిగ్రీలు తక్కువ. తెలియక ఎవరూ వాడొద్దు.'

ఇన్నేళ్లలో నా గురించి ఒకరు నిజం రాయడం అదే మొదలు.